పెన్నేటి సీమలో నీటి కావలి



మన పెద్దలు దేశమునకు గలుగు ఈతిబాధలను ఆఱుగా లెక్కించిరి. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, పొరుగు రాజులు, ఇవి ఆ యాఱు. వీనిలో మొదటి రెంటిని ప్రక్కప్రక్కనే నిలిపి చెప్పుటలో గొప్ప యనుభవము గలదు. పైకి జూచినచో నొకటి నీరు లేక కలిగెడు బాధ, మఱియొకటి నీరు మిక్కుటమై కలిగెడు బాధ. రెంటికిని పొత్తు లేనట్లే తోచును. కాని కడప మండలమున పుట్టి పెరిగినవారికి ఈ రెండును ఒక యింటి యన్నదమ్ములని తెలియును. ఆషాఢ శ్రావణములందు మబ్బుకొఱకు మొగమెత్తి చూచిన రైతే కార్తిక మాసమున వంకపొంగునకు వెఱచి కట్టమీద రాత్రి జాగరము చేయును. ఒక్క సంవత్సరములోనే రెండు భయములు. రెంటికిని మందు ఒక్కటే: వచ్చిన నీటిని నిలుపుట, నిలిపిన నీటిని కాచుట. నిలుపుటకు రాజు కావలెను, ధనము కావలెను, శాస్త్రము తెలిసినవాడు కావలెను. కాచుటకు మాత్రము ఊరు కావలెను. ఆపదలనుండి తప్పించుకొనుటలో ఊరి పాత్రమెంత యను ప్రశ్నకు మన సీమ చరిత్రము ఏమి సమాధానము చెప్పుచున్నదో నేడు విన్నవించెదను.

మొదట దేశస్వరూపము. కర్ణాటక దేశమందలి నందిదుర్గపు కొండలలో పుట్టిన పెన్న అనంతపురపు మెట్టలమీదుగా వచ్చి, చిత్రావతిని గలుపుకొని, గండికోటయొద్ద కొండను చీల్చుకొని, మైలవరము, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా దిగువకు సాగును. అటుపై కుందేరు, పాపఘ్ని, చెయ్యేరు, సగిలేరు దీనితో గలియును. మైలవరము, జమ్మలమడుగు ప్రాంతములది నల్లరేగడి; తడిసిన అడుగు పెట్టనీయదు, ఎండిన నెఱ్ఱెలువాఱి నోరు తెఱచును. పులివెందుల వైపు మెట్టభూములు, గులకరాళ్లు. మండలమున వర్షము సగటున సంవత్సరమునకు 700 మిల్లీమీటర్ల ప్రాంతమున కురియునని చెప్పుదురు. పడమటి తాలూకాలలో అంతకంటె తక్కువ. ఆ కొంచెమును నెలనెలకు పంచుకొని రాదు. నాలుగు పెద్ద వానలలో సగము సంవత్సరపు నీరు వచ్చి, పట్టువాడు లేనిచో నాలుగు దినములలో సముద్రము పాలగును. ఇట్టి దేశమున చెఱువు ధర్మకార్యము మాత్రమే కాదు, ప్రాణాధారము. తటాకమును సప్తసంతానములలో నొకటిగా మన పూర్వులు ఎన్నుటకు కారణమిదియే. కడుపున పుట్టిన కొడుకువలె అదియు తండ్రి పోయిన పిమ్మట ఊరిని పోషించును. కాని కొడుకునకువలెనే దానికిని పెంపకము కావలెను.

ఈ విషయమున మన మండలమందే యొక గొప్ప శాసనము గలదు. బద్వేలు ప్రాంతమందలి పోరుమామిళ్లలో భైరవాలయము ముందఱ రెండు రాతిపలకలపై నది చెక్కబడినది. క్రీస్తు శకము 1369వ సంవత్సరమున, విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, ఉదయగిరినుండి పాలించుచు అచ్చట పెద్దచెఱువును గట్టించెను. వేయిమంది పనివారు ప్రతిదినము పనిచేసిరనియు, రాతిని చేర్చుటకు నూఱు బండ్లు నియోగింపబడెననియు, పని రెండేండ్లు సాగెననియు శాసనము తెలుపును. ఇది రాజకీర్తిని జెప్పు శాసనములలో నొకటి యని యూరకుండుటకు వీలులేదు. అందు జలశాస్త్రపు సారమే గలదు. మంచి చెఱువునకు పండ్రెండు సాధనములు, చెడ్డ చెఱువునకు ఆఱు దోషములు అందు వరుసగా చెప్పబడినవి.

సాధనములలో కొన్నిటిని నా మాటలలో చెప్పెదను. ధర్మబుద్ధియు ధనమును గల రాజుండవలెను. జలశాస్త్రము తెలిసిన పండితుడుండవలెను. అడుగున గట్టిబంకమన్ను గల నేల కావలెను. దూరమునుండి తియ్యని నీటిని దెచ్చు నది కావలెను. కొండల నడుమ మిక్కిలి పొడవు గాక, దృఢమైన రాతికట్ట యుండవలెను. చేరువను పొడవైన తిన్నని రాళ్లనిచ్చు గని కావలెను. క్రింద చదునైన సారవంతమైన పొలములుండవలెను. కడపట, కట్టుట యందు నేర్పుగల జనసమూహము కావలెను. పండ్రెండింటికిని మొదట రాజు, కడపట పనివారు. నడుమనున్న వన్నియు మట్టి, రాయి, నీరు. అనగా ప్రకృతిని రెండు చేతులు పట్టుకొనవలెను. ఒకటి పైచేయి, ఒకటి క్రిందిచేయి.

ఇక దోషములు. కట్టనుండి నీరూఱుట, చవిటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెఱువు నడుమ తాబేటివీపువలె మిట్ట యుండుట, నీరు తక్కువయై పొలము ఎక్కువగుట, పొలము తక్కువయై నీరెక్కువగుట. వీనిలో మూడవది నన్ను చిరకాలమునుండి ఆలోచింపజేసినది. తక్కినవి మట్టికిని నీటికిని సంబంధించినవి; ఇది యొక్కటియే మనుష్యులకు సంబంధించినది. సరిహద్దు చెఱువు ఎందుకు చెడ్డది? అచ్చట భూమి చెడ్డది గాదు, నీరు చెడ్డది గాదు. ఇద్దఱు యజమానులు గలది యొక్క యజమానియు లేనిదగును. కట్ట జాఱినప్పుడు ఒకరు మఱియొకరి మొగము చూతురు. ఈ దోషమును మనస్సునందుంచుకొనుడు; ఈ ప్రసంగము చివరకు మరల దీనియొద్దకే రావలసియున్నది.

కట్టించినవాని పేరు శిలపై నిలుచును. ఏటేట కాపాడినవారి పేరు ఏ శిలపైనను లేదు. ఆ కాపుదల యెట్లు జరిగెను? దానికి రెండు పద్ధతులుండెను. మొదటిది దశబంధము. చెఱువును త్రవ్వించినవానికిగాని, తెగిన చెఱువును మరల గట్టించినవానికిగాని, దాని క్రింది భూమిలో నొక భాగమునో, ఫలములో పదియవవంతునో ఈనాముగా నిచ్చుట దీని మూలార్థము. చెఱువును బాగుగా నుంచినంతకాలమే ఆ యీనాము చెల్లవలెనని కట్టుబాటు. కడప మండలమున దశబంధపు మాన్యములు విస్తారముగా నుండెను. ఇందలి తెలివి గమనింపుడు: చెఱువు నిండిననే మాన్యము పండును, కట్ట తెగినచో మాన్యగాని పొలమే మొదట ఎండును. కాపుదలయు లాభమును ఒక్క ముడివేసి బిగించిరి.

రెండవది కుడిమరామతు. ఏటేట వానకాలమునకు ముందు ఊరివారు కూడి కాలువలలో పూడిక తీయుట, కట్టమీది కంపచెట్లు కొట్టుట, వానకు పడిన గండ్లను మట్టితో పూడ్చుట, పొంగు వచ్చిన రాత్రులందు కట్టను కాచుట, ఇవి యా పద్ధతి క్రింది పనులు. నీటిని పంచుటకు నీరుగంటి యుండెను. తూము ఎప్పుడు తెఱవవలెనో, మరవ యెంత పాఱుచున్నదో, ఏ వంక యెంత వేగమున వచ్చుచున్నదో వానికి తెలిసినట్లు మఱెవ్వరికిని తెలియదు.

చెఱువుకట్ట ఒక్క గడియలో తెగినట్లు మనకు కనబడును గాని నిజమునకు అది నెలల తరబడి తెగుచునే యుండును. ఎలుక బొఱియ పెట్టును. చెట్టువేరు చచ్చి క్రుళ్లి లోపల గొట్టమువలె సందు ఏర్పడును. పశువులు ఎక్కి దిగి కట్టపై నొకచోట పల్లము చేయును. మరవకు కంప అడ్డుపడును. వర్షము లేనన్నాళ్లు ఇవి యెవనికిని కనబడవు. పొంగు వచ్చిన రాత్రి నీరు ఆ బొఱియనే వెదకును, ఆ పల్లముననే పొర్లును. వెనుకవైపున చెమ్మ మొదట తేటనీరుగా నూఱును. ఆ నీరు మట్టిరంగుకు మాఱినదనగా లోపల కట్ట కరగుచున్నదని గుఱుతు. ఈ మార్పును చూచుటకు యంత్రము అక్కఱలేదు, లాంతరు పట్టుకొని కట్టవెంబడి నడచు మనుష్యుడు చాలును. కాని ఆ మనుష్యుడు ఆ రాత్రి అచ్చట నుండవలెను. కుడిమరామతు సారమంతయు ఈ యొక్క మాటలో నున్నది.

ఇట్లు చెప్పుచు పాతకాలమంతయు కృతయుగమని స్తుతించుట నా యుద్దేశము కాదు. చరిత్రము చెప్పువాడు రెండవ ప్రక్కనుగూడ చూపవలెను. కట్టపై మట్టితట్ట మోసినవారందఱు కట్టక్రింద పొలము గలవారు కారు. నీటిలో భాగము లేని కూలిజనులు, అంటరానివారని ఊరివెలుపల నుంచబడినవారు, ఆ పనిలో పెద్దభాగము చేసిరి. పొంగు రాత్రి పిలుపు వారికి ముందు పోయెను. పంటనాడు పంపకము వారికి కడపట వచ్చెను. బలవంతపు చాకిరియు సమష్టిధర్మమును ఒకే పేరుతో చెలామణి యయ్యెను. ఆ పద్ధతి శిథిలమగుటకు తెల్లదొరల పాలన యొక్కటియే కారణమనుట సగము నిజము. భాగములేని శ్రమపై నిలిచిన కట్టుబాటు, బలవంతము తగ్గిననాడు తానే సడలును.

1800వ సంవత్సరమున నిజాము ఈ సీమను ఆంగ్లేయ కుంఫిణీవారికి దత్తము చేసెను. తామస్ మన్రో 1807 వఱకు దత్తమండలములకు ముఖ్య కలెక్టరుగా నుండెను. ఆ తరువాత చెఱువుల బాగోగులు క్రమముగా ఊరిచేతినుండి కచ్చేరిచేతికి మాఱజొచ్చెను. అర్ధశతాబ్దము గడచునప్పటికి ప్రభుత్వమువారికే ఆందోళన కలిగెను. 1858వ సంవత్సరమున మద్రాసు నిర్బంధ శ్రమ చట్టము వచ్చెను. చెఱువుకట్టగాని యేటిగట్టుగాని తెగు ప్రమాదము వచ్చినపుడు గ్రామాధికారి కూలిపనివారిని పిలిపించి పని చేయించుటకు ఆ చట్టము అధికారమిచ్చెను. ఆచారము చొప్పున ఊరివారు కలసి చేయవలసిన నీటిపనిని చేయనివానినుండి ఆ శ్రమ విలువకు రెండింతలు రాబట్టవచ్చునని కూడ చెప్పెను. ఆచారమును చట్టముగా వ్రాసికొనవలసి వచ్చెననగా ఆచారము అప్పటికే నీరసించినదని యర్థము. మఱియు ఆ చట్టము పిలిచినది కూలివర్గమునే. పొలము గలవానిని గట్టెక్కుమని పిలువలేదు. పూర్వపు దోషమును అది దిద్దలేదు, ముద్రవేసి స్థిరపఱచెను. ఆ కాలముననే ఈనాముల విచారణయు జరిగెను. దశబంధపు మాన్యములను లెక్కవ్రాసిరి. కాని మాన్యమునకును కట్టకును నడుమనున్న ముడిని నిలుపుట లెక్కవ్రాయుటంత సులభము కాకపోయెను.

తరువాత ధాత సంవత్సరము వచ్చెను. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన ఆ కఱవును మన పెద్దలు ధాతకఱవని తరతరములు చెప్పుకొనిరి. 1871 జనాభా లెక్కలలో సుమారు పదమూడున్నర లక్షల జనులున్న నాటి కడప మండలమున 1881 నాటికి పదకొండు లక్షల పైచిలుకు మాత్రమే మిగిలిరి. చచ్చినవారెందఱో, వలసపోయినవారెందఱో విడదీయరాదు గాని, ఆఱింట నొకవంతు తఱుగు అనగా ప్రతి వీధిలోను దీపము వెలుగని యిండ్లున్నవని యర్థము. సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి 1877 జనవరిలో కఱవు పనులలో దినకూలిని ఒక పౌను ధాన్యమునకును ఒక అణాకును తగ్గించెను. రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు అది మనుష్యుని నిలుపుటకు చాలదని వాదించెను. ఇద్దఱు పెద్ద అధికారులు ఎంత తిండికి మనుష్యుడు బ్రతుకునని కాగితముపై వాదించుచుండగా, ఆ మాట అడుగబడవలసినవాడు రాళ్లు కొట్టుచుండెను. 1880లో కఱవు సంఘము నివేదిక, 1883లో కఱవు నిబంధనలు, అదే యేట చెఱువుల పునరుద్ధరణ పథకము వచ్చినవి. అవి మేలు చేయలేదని యనరాదు. కాని యన్నింటిలోను ఊరు ఉపకారము పొందు వస్తువే. పని చేయించు కర్త కాదు.

అదే కాలపు మఱియొక ఉదాహరణ మన కండ్లముందఱ నున్నది. కర్నూలు కడప కాలువను మద్రాసు నీటిపారుదల కంపెనీవారు 1863లో మొదలుపెట్టి త్రవ్వించిరి. కాలువ సిద్ధమైనను రైతులు చాలకాలము దానిని పట్టించుకొనలేదు. రేగడినేలకు ఆ తడి పనికివచ్చునో రాదో, శిస్తు ఎంత పడునో, వారికి నమ్మిక కుదురలేదు. త్రవ్వినవారును వారిని ముందుగా సంప్రదింపలేదు. కడకు 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను. కాలువ మంచిదే. నేడును కుందేటి పరీవాహకమున వేల యెకరములు దానివలన పండుచున్నవి. కాని జనుల యెఱుకతో పుట్టని మేలు వారిచేతికి అందుట కెంత ఆలస్యమగునో అది చూపినది.

వఱద వైపునకు వత్తము. 1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదులో మూసీ పొంగి నగరమును ముంచి వేలమందిని పొట్టన పెట్టుకొనెను. తరువాత విచారణకు వచ్చిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు నగరమున కెగువనున్న చెఱువులను లెక్కింపగా 788 యున్నవి. వానిలో 221 తెగినవి. చెఱువులు గొలుసుకట్టుగా నుండును. పైచెఱువు మరవ నీరు క్రిందిచెఱువునకు వచ్చును. పైది తెగినచో దాని నీరంతయు ఒక్కసారిగా క్రిందిదానిపై బడి దానినిగూడ తెంపును. అట్లు నీరు దిగిన కొలది బలము పెరుగును. కావున పై యూరి అజాగ్రత్త క్రింది యూరి చావు. గొలుసులో ఏ యొక్క లంకెయు తన్ను తాను కాపాడుకొనలేదు. పైలంకె వార్త క్రిందిలంకెకు నీటికంటె ముందు చేరవలెను.

ఈ మాట నేడు మనకు మఱింత వర్తించును. రెడ్డి, కరణముల పదవులు 1984లో రద్దయినవి. చెఱువుల స్థానమున పెద్ద జలాశయములు వచ్చినవి. మైలవరము జలాశయము సుమారు పది టి.ఎం.సి.ల నీటిని నిలుపుటకు ఉద్దేశింపబడినది. దాని కెగువను గండికోట జలాశయము సుమారు ఇరువదియేడు టి.ఎం.సి.లది, దానికొఱకు తాళ్లప్రొద్దుటూరు మొదలగు ఊళ్లు తమ యిండ్లు విడిచి కదలిపోవలసివచ్చెను. ఒక టి.ఎం.సి. యనగా నూఱుకోట్ల ఘనపుటడుగులు. పూర్వము ఊరికొక చెఱువుగా చెదరియున్న మేలును ప్రమాదమును రెండును ఇపుడు ఒకటి రెండు గోడలవెనుక కూడినవి. ఒకదాని క్రింద నొకటి యున్న ఈ రెండును గొలుసే. ఇంతటి కట్టను ఊరివారు గంపమట్టితో కాపాడలేరు, ఇంజనీర్లే కాపాడవలెను. అట్లయిన ఊరికి ఇక పనిలేదా?

2021 నవంబరు ఈ ప్రశ్నకు జవాబు చెప్పినది. ఆ నెల మూడవ వారమున రాజంపేట వైపున గొప్పవానలు కురిసినవి. 18వ తేదీ రాత్రి ఎగువనున్న పింఛా ప్రాజెక్టు కట్ట తెగెను. ఆ నీరు చెయ్యేటిలో దిగి వచ్చి, 19వ తేదీ తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను త్రోసికొనిపోయెను. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట మొదలగు గ్రామములు నీటిపాలయినవి. ఆనాడు కార్తిక పౌర్ణమి. శివాలయమున దీపము పెట్టుటకు పోయినవారును ఆ వఱదలో కొట్టుకొనిపోయిరి. పదులకొలది ప్రాణములు పోయినవి. ఇండ్లు, పశువులు పోయినవి. పొలములపై ఇసుక మేటవేసెను. ఆ దినములలోనే కమలాపురమువద్ద పాపఘ్ని వంతెనయు కూలెను. వచ్చిన వఱద కట్టినప్పటి లెక్కను మించినదని రాష్ట్రప్రభుత్వము చెప్పెను. ఒక తలుపు పనిచేయలేదని కేంద్రమంత్రి పార్లమెంటులో చెప్పెను. ఎవరి దోషమెంతయో తేల్చుట ఈ ప్రసంగపు పని కాదు. చరిత్రము చదివినవానిగా నేనడుగునది వేఱొకటి. పైకట్ట తెగిన రాత్రికిని క్రిందికట్ట తెగిన వేకువకును నడుమ కొన్ని గంటలున్నవి. ఆ గంటలు ఎవరివి? అవి ఆ గ్రామములవి. వాని సొత్తు వానికి పూర్తిగా అందలేదు.

ఇచ్చటనే పోరుమామిళ్ల శాసనమందలి మూడవ దోషము మరల గుఱుతునకు వచ్చుచున్నది. నేడు రాజ్యముల సరిహద్దులు లేవు. కాని నీటిశాఖకును రెవిన్యూశాఖకును నడుమ, తలుపులెత్తు ఉద్యోగికిని ఏటిగట్టున నిద్రించు రైతునకును నడుమ సరిహద్దు గలదు. కట్ట వారిది, వఱద వీరిది. ఆఱువందల యేబది యేండ్లనాటి శాస్త్రజ్ఞుడు దోషమన్నది దీనినే.

ఈ సరిహద్దును చెఱపుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. 1997లో ఆంధ్రప్రదేశమున రైతుల నీటిపారుదల యాజమాన్య చట్టము వచ్చి, నీటి వినియోగదారుల సంఘములను ఏర్పఱచెను. అందు పొలము గలవాడు ఓటు గలవాడయ్యెను. 2005లో దేశమునకు విపత్తుల నిర్వహణ చట్టము వచ్చి, స్థానిక సంస్థలకును బాధ్యతలు చెప్పెను. అన్నమయ్య కట్ట తెగిన నెలలోపుననే, 2021 డిసెంబరులో, ఆనకట్టల భద్రతా చట్టము వచ్చెను. ప్రతి పెద్ద ఆనకట్టకును ఆపత్కాల ప్రణాళిక యుండవలెనని అది విధించెను. 2015లో జపాను దేశపు సెండై నగరమున కూడిన దేశములును ప్రమాదములను తగ్గించుటలో ప్రజలు భాగస్వాములు కావలెనని నిశ్చయించినవి. ఐరోపాలో సముద్రమట్టమునకు దిగువనున్న నెదర్లాండ్సు దేశీయులు పదమూడవ శతాబ్దమునుండి తమ నీటిసంఘములను నిలుపుకొనుచున్నారు. అవి యింతకాలము నిలుచుటకు కారణము సులభము: గట్టు కాపాడుటకు పన్ను ఇచ్చువారికి ఆ సంఘమును నడుపువారిని ఎన్నుకొను హక్కుకూడ గలదు. మన కుడిమరామతున లోపించినది ఆ రెండవ భాగమే.

మన మండలమున ఇటీవలి మంచి యుదాహరణ యొకటి కఱవు వైపున గలదు. పులివెందుల చీనీతోటలను చూచినవారికి బోరుబావుల గాథ చెప్పనక్కఱలేదు. ఒకడు లోతుగా త్రవ్వించిన పొరుగువాడు మఱింత లోతు త్రవ్వించును. నీరు పాతాళమునకు దిగును, అప్పు ఆకాశమున కెక్కును. ఈ శతాబ్దపు మొదటి దశకమున, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, కడపతో గూడ ఏడు కఱవు జిల్లాలలోని వందలకొలది గ్రామములలో రైతులు తామే వర్షమానము పెట్టి వాన కొలిచిరి; బావులలో నీటిమట్టమును కొలిచి గోడలపై వ్రాసిరి; రబీ పంటకు ముందు ఊరంతయు కూడి ఎంత నీరున్నదో, ఏ పంటకెంత కావలెనో లెక్కవేసికొనిరి. వరి వేయరాదని యెవరును ఆజ్ఞాపింపలేదు. లెక్క కండ్లకు గట్టినపుడు పెక్కుమంది తక్కువ నీటి పంటలకు తామే మఱలిరి. చదువు తక్కువ యనుకొన్న స్త్రీలును ఆ కొలతలు తీసి సభలో చెప్పిరి. ఇదియే నీరుగంటి విద్య. పూర్వమొకనియొద్ద నుండినది, ఇపుడు ఊరందఱి సొత్తయ్యెను.

కాన మన చరిత్రమునుండి నేర్వదగినవి మూడు. మొదటిది, శ్రమయు లాభమును ఒక్క ముడిలో నుండవలెను. నీటిలో భాగము లేనివానిని కట్టకు పిలుచుట న్యాయమును గాదు, నిలుకడయు గాదు. రెండవది, కొలత ఊరిచేతిలో నుండవలెను. జలాశయమున నీరెంత, వచ్చుచున్నదెంత, విడుచుచున్నదెంత యను మూడు అంకెలు వానకాలమున ప్రతి సాయంకాలము క్రింది గ్రామముల పంచాయతీ గోడపై కనబడవలెను. ఏ మట్టమునకు ఏ వీధి మునుగునో ఆ గోడపైననే గీత గీచి యుంచవలెను. మూడవది, పై యూరినుండి క్రింది యూరికి వార్త పోవు దారి వానకు ముందే సిద్ధముగా నుండవలెను. ఎవరు ఎవరికి చెప్పవలెను, ఫోను మూగపోయిన ఏ గుడిగంట, ఏ డప్పు మ్రోగవలెను, ముసలివారిని పసివారిని ఏ మెట్టకెక్కింపవలెను, ఇవి ఎండకాలముననే తేల్చుకొని యొకసారి నడచి చూచుకొనవలెను. ఈ మూడింటికిని కోట్లు అక్కఱలేదు. కోట్లతో కట్టినవి వ్యర్థము కాకుండుటకు మాత్రము ఈ మూడును కావలెను.

బడిలో పిల్లలకు మనము యుద్ధముల తేదీలు వల్లెవేయించుదుము. తళ్లికోట యుద్ధమెప్పుడని యడిగిన చెప్పు బాలునకు తన యూరి చెఱువుమరవ ఏ దిక్కున నున్నదో తెలియదు. ఉపాధ్యాయులకు నా విన్నపము: సంవత్సరమున కొకదినము పిల్లలను కట్టవెంబడి నడిపింపుడు. తూము చూపుడు, పూడిక చూపుడు, ఎలుక బొఱియ చూపుడు, పాత వఱద ఎంతవఱకు వచ్చెనో ముసలివారిచేత చెప్పింపుడు. ఆ చదువునకు పరీక్ష యుండదని యనుకొనవలదు. పరీక్ష యున్నది, దాని తేదీ మాత్రము ముందుగా ప్రకటింపబడదు.

భాస్కరుని చెఱువునకు వేయిమంది రెండేండ్లు పనిచేసిరి. తరువాత ఆఱు శతాబ్దములకు పైగా దానిని కాచినవారెందఱో లెక్కకు రారు. కట్టుట యొకనాటి ఘనత, కాచుట ప్రతిదినపు ధర్మము. మైలవరము కట్ట క్రిందనున్నవారము, పెన్నేటి గట్టున నున్నవారము, ఆ ధర్మమును పైవారి కప్పగించి నిదురపోరాదు. పైవారును మనలను నిదురపుచ్చరాదు. ఊరు మేల్కొని యున్నచో ఈతిబాధలు రాకుండునని చెప్పజాలను. వచ్చినపుడు మనుష్యులు మిగులుదురని మాత్రము చరిత్రము చెప్పుచున్నది. స్వస్తి.